బట్వాడా నుంచి బట్వాడా దాకా: మాంగనీసు ఊళ్ళలో కొట్టు కథ

(విజయనగరం జిల్లా చీపురుపల్లిలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

సభకు నమస్కారం. నాకిచ్చిన అంశం మన ప్రాంతపు గనుల చరిత్ర. గనుల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే వెనక బెంచీల మీద కూర్చుని ఉన్నారు. గోతిలో దిగి తట్ట మోసినవాళ్ళ ముందు నిలబడి గని ఎలా ఉంటుందో నేను చెప్పడం బాగుండదు. అందుకని అధ్యక్షులవారి అనుమతితో కాస్త పక్కకి జరుగుతాను. గని పక్కన వెలిసిన కొట్టు గురించి మాట్లాడతాను. పచారీ కొట్టు. ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, చుట్టలు అమ్మే కొట్టు.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరైనా మధ్యలో లేచి వెళ్ళినా ఫర్వాలేదు. (నవ్వులు) మన గని ఊళ్ళలో కొట్టు బతికింది పనికీ కూలి డబ్బులకీ మధ్య ఉన్న రోజుల మీద. సోమవారం పనిలోకి వెళ్తాం, వారం తిరిగాక గాని డబ్బు చేతికి రాదు. ఈలోపు పొయ్యి వెలగాలి కదా. ఆ మధ్య రోజులే కొట్టుకి పెట్టుబడి, అవే రాబడి. అవి తగ్గుతూ వచ్చాయి, కొట్టూ తగ్గుతూ వచ్చింది. సూపర్ మార్కెట్లు వచ్చి కొట్లని మింగేశాయి అంటారు అందరూ. పట్నాల సంగతి నేను చెప్పలేను గానీ, మన ఊళ్ళ తేదీలు వరసగా పెట్టి చూస్తే అలా కనబడదు. సూపర్ మార్కెట్ వచ్చేసరికి మన కొట్టు సగం చచ్చే ఉంది.

మొదటినుంచి వద్దాం. ఉక్కు తయారీలో వాడే ఈ మాంగనీసు తవ్వకం మన దేశంలో మొదలైంది మన దగ్గరే. 1892లో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో, మన కోడూరు దగ్గర. తర్వాత గర్భాం, పెరాపి, శివరాం, దేవాడ, ఇలా ఒక్కో ఊరి పక్కన ఒక్కో గొయ్యి లేచింది. నాగపూర్ వైపు, బాలాఘాట్ వైపు పెద్ద గనులు వచ్చింది ఆ తర్వాత. భూగర్భ పరిశోధన శాఖలో ఫెర్మర్ అనే దొర ఉండేవాడు. దేశంలోని మాంగనీసు నిక్షేపాల మీద ఆయన 1909లో పెద్ద గ్రంథం వేశాడు. మన దగ్గర దొరికిన ఒక రకం రాతికి కోడూరు పేరు మీదే కోడూరైట్ అని పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఆ శాస్త్రం చదివినవాడికైనా ఆ పేరు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. మన బస్సు కండక్టరుకే ఒక్కోసారి కోడూరంటే ఏ కోడూరు అని అనుమానం. (నవ్వులు)

అప్పటికి మన ఊళ్ళలో కొట్టు ఉందా? దాదాపు లేదు. ఎందుకు లేదంటే అవసరం లేదు. కంబారికి, అంటే పాలేరుకి, ఏడాది జీతం గింజల్లో. కోతకి గింజలు, నూర్పుకి గింజలు. కుమ్మరికీ చాకలికీ మంగలికీ కూడా కళ్ళంలో గింజలే. ఇంట్లో చోళ్ళు, గంట్లు, అంటే రాగులు, సజ్జలు ఉంటాయి, అంబలి కాస్తారు. ఉప్పు పెరికెద్దుల మీద వచ్చేది. గుడ్డలు, కుండలు, ఎండుచేపలు వారం సంతలో. కూరగాయలమ్మి వీధిలోకొస్తే తవ్వెడు ధాన్యం కొలిచి వంకాయలు తీసుకోవడం నా చిన్నతనం దాకా ఉంది. గింజ చేతిలో ఉన్నవాడికి కొట్టుతో పని తక్కువ.

గని వచ్చి చేసిన పెద్ద మార్పు ఇది. గని కూలికి గింజలు ఇవ్వదు. డబ్బు ఇస్తుంది. అది కూడా రోజూ ఇవ్వదు. రాయి ఏరి, పగలగొట్టి, పెట్టె కొలతకి పేరిస్తే, మేస్త్రీ వచ్చి కొలిచి రాసుకుంటే, బట్వాడా రోజున, అంటే కూలి డబ్బులు పంచే రోజున, లెక్క కట్టి ఇస్తారు. మొగుడు గోతిలో గునపం వేస్తే, పెళ్ళాం గట్టు మీద సుత్తితో రాయి కొట్టి మంచిదీ చెడ్డదీ వేరుచేస్తుంది. ఆడవాళ్ళ కూలీ మీదే మన గనులు నడిచాయని నేను గట్టిగా నమ్ముతాను. ఇద్దరూ పొద్దున్న పోయి చీకటిపడ్డాక వస్తే ఇంట్లో దంచేదెవరు, విసిరేదెవరు? దంచిన బియ్యం, కొట్టిన కారం, పిండిన నూనె కావాలి. అవి కొనాలి. కొనడానికి డబ్బు శనివారం గాని రాదు.

అక్కడ పెట్టాడు సావుకారు కొట్టు.

ఎక్కువగా రాజాం, బొబ్బిలి, విజయనగరం వైపు నుంచి వచ్చిన వైశ్య కుటుంబాలు. ఆ తర్వాత మిగతా కులాలవాళ్ళూ పెట్టారు. పని మానేసిన మేస్త్రీలు, గనిలో కాలు విరిగినవాళ్ళు, మొగుడు పోయిన ఆడవాళ్ళు బడ్డీ కొట్లు పెట్టుకున్నారు. తాటాకు పాక, ముందు మట్టి అరుగు, అరుగు మీద వెదురు బుట్టల్లో సరుకు. రాత్రి బుడ్డిదీపం. గనికి వెళ్ళే బాట ఎటుంటే వాకిలి అటు. మీరు పాత కొట్లు మిగిలిన ఊళ్ళకి వెళ్ళి చూడండి, కొట్టు ముఖం ఊరివైపు ఉండదు. ఇప్పుడు ఆ బాట తుమ్మల్లో కలిసిపోయి, కొట్టు ఎందుకు అటు తిరిగిందో కొత్తవాళ్ళకి అర్థం కాదు.

నాకొక పద్దు పుస్తకం చూసే అవకాశం దొరికింది. ఏ ఊరిదో ఎవరిదో చెప్పను. అందులో ఉన్న బాకీదార్ల మనవలు ఈ హాల్లో ఉండే ప్రమాదం ఉంది. (నవ్వులు) ఎర్రగుడ్డ అట్ట, పొడుగు కాగితం, నిలువు మడతలు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. మొదటి పేజీ మీద పసుపు, శ్రీరామ. పేర్లు చూడండి ఎలా రాశాడో. ఇంటిపేర్లు తక్కువ. "గొయ్యి మేస్త్రీ తమ్ముడు", "చెరువుగట్టు అప్పమ్మ", "కొత్త కోడలు". కొత్త కోడలు ఎన్నాళ్ళకి పాతదయిందో గానీ పుస్తకంలో మాత్రం కొత్త కోడలే.

ఆ పేజీలని వారం వారీగా చదివితే ఇల్లు కనిపిస్తుంది. బట్వాడా అయిన మర్నాడు బియ్యం, బెల్లం, కొబ్బరినూనె, పిల్లలకి శనగలు. రెండు రోజులు పోయాక బెల్లం ఆగిపోతుంది. ఇంకో రెండు రోజులకి నూనె సగం అవుతుంది. బట్వాడాకి ముందురోజు ఉప్పు, ఎండుమిరప, కిరసనాయిలు. ఒక్కటి మాత్రం వారమంతా ఆగదు, పొగాకు. మన ఆడవాళ్ళ అడ్డపొగ సంగతి మీకు తెలిసిందే, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. రెండు చేతులూ సుత్తికీ రాయికీ ఇచ్చేశాక చుట్ట అలా పట్టుకోవడం సుఖమని ఒక పెద్దావిడ నాతో అంది. నోటి కాన్సరు గురించి డాక్టర్లు ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటున్నారు, అది వేరే సభ. పద్దులో మాత్రం పొగాకు లేని రోజు లేదు.

వానాకాలం పేజీలు ఇంకా చూడాలి. గోతుల్లో నీళ్ళు నిండితే పని ఆగుతుంది. పని ఆగితే బట్వాడా లేదు. ఎడమ పక్క జమ గడి వారాల తరబడి ఖాళీ. కుడి పక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు కొట్టు అరువు ఆపితే ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి ఆగుతుంది. ఆపలేదు. మళ్ళీ పుష్యమాసంలో కోతల కూలి వచ్చాక, గోతులు ఆరి పని మొదలయ్యాక, కొంచెం కొంచెం జమ పడుతుంది. ఎప్పటికీ మొత్తం తీరదు. తీరకూడదు కూడా. ఎవరైనా బాకీ మొత్తం ఒక్కసారి కట్టేశారంటే సావుకారు గుండెల్లో రాయి పడేది. ఆ ఇల్లు ఊరు వదిలి పోతోందన్నమాట. ఒకప్పుడు రంగూనుకి, తర్వాత ఖరగ్‌పూరుకి, మొన్నటిదాకా హైదరాబాదుకి. అప్పు లేనివాడు అధిక సంపన్నుడు అన్న సామెత మన కొట్టు దగ్గర చెల్లదు. అప్పు ఉన్నవాడే ఊరివాడు.

ఇదంతా చెబుతుంటే సావుకారు ధర్మప్రభువులా కనబడుతున్నాడేమో. అలా ఏం లేదు. అరువు సరుకుకి ఒక ధర, రొక్కం సరుకుకి ఒక ధర. మానిక కొలిచేటప్పుడు బొటనవేలు లోపల. "ఏటి సావుకారూ, ముల్లు అలగ వొంగిపోనాదేటి?" అని అడిగిన ఆడమనిషికి ఒక బెల్లం ముక్క కొసరు వేసి నోరు మూయించడం. బాకీ పెరిగితే వెండి కడియాలు, ముక్కుపుడకలు తాకట్టు. అవి తిరిగి వెళ్ళిన ఇళ్ళు తక్కువ. చదువురానివాళ్ళకి పద్దులో ఏముందో తెలియదు. కొందరు గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవారు. శనివారం లెక్క దగ్గర గీతలకీ పద్దుకీ తేడా వస్తే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ రోజులు బంగారంలాంటివని నేను అనను. కొట్టు ఎందుకు నిలబడిందో చెబుతున్నాను, అంతే.

ఇంకో మాట. బట్వాడా రోజున కొట్టుకి అసలు పోటీ ఇంకో కొట్టు కాదు, సారా పాక. గనికీ ఊరికీ మధ్య ఎవరు ముందు ఎదురుపడతారన్నదే ఆ రోజు లెక్క. తెలివైన ఆడవాళ్ళు బట్వాడా టేబులు దగ్గరే నిలబడి మొగుడి డబ్బు కూడా పుచ్చుకునేవారు. మేస్త్రీ ఇవ్వనంటే అక్కడే తిట్లు. ఆ తిట్లు కొన్ని నాకు గుర్తున్నాయి, ఇక్కడ చెప్పలేను. (నవ్వులు) 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది సడలడం, ఆ తర్వాత బెల్టు షాపులు, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను అడిగిన కొట్లవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు, నిషేధం ఉన్న కొద్దికాలం పాత బాకీలు వసూలయ్యాయి అని.

ఇక సబ్బు గురించి చెప్పాలి. మాంగనీసు మసి ఒంటికి పడితే వదలదు. గోళ్ళు నల్లగా, చీర అంచు నల్లగా. అందుకని పల్లం ఊళ్ళలో కంటే మన ఊళ్ళలో సబ్బు ఎక్కువ అమ్ముడుపోయేది. బట్టల సబ్బు పొడుగు బారుగా వచ్చేది. దాన్ని కూలి ఇల్లు మొత్తంగా కొనలేదు. సావుకారు ఒక సన్నటి ఇనప తీగ పెట్టుకునేవాడు, రెండు చివర్ల పుల్లలు కట్టి. బారుని చెక్క మీద పెట్టి, తీగని అడ్డంగా లాగితే ముక్క అలా విడివడేది. ఎంత డబ్బుకి ఎంత మందం అన్నది ఆయన కంటికి తెలుసు. కోసిన ముక్కలని అరుగు చివర ఎండలో పేర్చేవాడు. ఎండిన సబ్బు తొందరగా అరగదు, కొన్నావిడ మళ్ళీ ఆ కొట్టుకే వస్తుంది. చెక్క మీద రాలిన పొడిని దులిపి పొట్లం కట్టి తక్కువకి అమ్మేవాడు, గిన్నెలు తోముకోడానికి. గోగునారతో కట్టిన పొట్లం, ముడి విప్పితే నార పిల్లలు దాచుకునేవారు. పెద్దదాన్ని కోసి, విడదీసి, బీదవాడి చేతికి సరిపోయేంత చేయడం, అదీ కొట్టు పని. నూనెని గిద్దల్లోకి, టీపొడిని చిటికెడు పొట్లాల్లోకి, చుట్టని సగానికి. ఆ పనిలోనే ఆయన లాభం దాక్కుని ఉంది.

కొట్లు బాగా వెలిగిన కాలం 1950లు, 60లు, 70లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రష్యా అమెరికాకి మాంగనీసు తగ్గించేసింది, కొరియా యుద్ధం వచ్చింది, అమెరికా ఉక్కు కొలుముల చూపు మన దేశం మీద పడింది. విశాఖ రేవు 1933లోనే తయారై ఉంది, ఆ రేవు కట్టిందే ముఖ్యంగా ఖనిజం పంపడానికి. అప్పటి గిరాకీ కొన్నేళ్ళే ఉన్నా, ఇంతలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు వచ్చింది, గరివిడి శ్రీరాంనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం లేచింది. రాయి అమ్ముకునే చోట రాయిని కరిగించే పని కూడా మొదలైంది. కర్మాగారం కూలీకి నెల జీతం. అంటే అరువు వారం నుంచి నెలకి సాగింది. కొట్లకి ఇంకా పెట్టుబడి కావాలి, ఉన్నవాడే నిలబడ్డాడు. అరుగు మట్టిది పోయి నాపరాయి వచ్చింది. పాక పోయి పెంకు వచ్చింది. 1957లో నయాపైసలు, ఆ తర్వాత కిలోలు, లీటర్లు వచ్చాయి. వీశెలో తవ్వలో ఆలోచించే ముసలమ్మలకి ఆ మారకంలో ఎంత పోయిందో సావుకార్లకే తెలియాలి.

గని ఊరి కొట్టు అప్పుడు కొట్టొక్కటే కాదు. రంగూను నుంచి, ఖరగ్‌పూరు నుంచి ఉత్తరం వస్తే చదివేది అక్కడ. మనియార్డరు వస్తే పోస్టుమాను కూర్చునేది అక్కడ. రేడియో మొదట మోగింది అక్కడ. పెళ్ళికి సరుకుల జాబితా రాసేది సావుకారే, ఎంత పప్పు పడుతుందో ఆడపెళ్ళివారికంటే ఆయనకే బాగా తెలుసు. చీపురుపల్లి అమ్మవారి జాతరకి ముందు వారం కొట్టు ముందు బారులు తీరేవారు.

ఇప్పుడు పడిపోవడం సంగతి. సూపర్ మార్కెట్ల మాట చెప్పి అందరూ ఇక్కడ 2010లో ఆగుతారు. నేను 1983లో ఆగుతాను.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. దాని మంచి గురించి వాదించేవాడు మన జిల్లాలో ఉండడు, అంబలి తాగే ఇళ్ళలోకి అన్నం వచ్చింది. కానీ కొట్టు వైపు నుంచి చూడండి. పద్దులో అన్నిటికంటే పెద్ద గీత బియ్యం. వారానికి ఒకసారి మనిషిని కొట్టు దగ్గరికి తప్పనిసరిగా నడిపించేది బియ్యం. ఆ బియ్యం వెళ్ళి రేషన్ డిపోలో కూర్చుంది. చాలా ఊళ్ళలో ఆ డిపో కూడా పాత సావుకారుకో ఆయన బంధువుకో దక్కింది, కాబట్టి వెంటనే నొప్పి తెలియలేదు. కానీ రేషన్ రొక్కానికే. పద్దులో బియ్యం గీత సన్నబడటం అప్పుడే మొదలైంది.

రెండోది ఎవరూ పట్టించుకోనిది. 1990లో ప్యాకెట్ సరుకు మీద పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలన్న నియమం వచ్చింది. ఎమ్మార్పీ. కొనేవాడికి మంచిదే, కాదనను. కానీ సావుకారు అరువు ఖరీదు ఎక్కడ దాచేవాడు? ధరలో దాచేవాడు. రొక్కానికి ఒక ధర, అరువుకి ఒక ధర అన్నాను కదా. ఇప్పుడు ధర కవరు మీద ఉంది. ఎనిమిదో తరగతి చదివిన కూతురు తల్లికి చదివి వినిపిస్తోంది. దాని మీద అణా ఎక్కువ తీసుకుంటే తగువు. అప్పటినుంచి అరువు ఇవ్వడం శుద్ధ నష్టం. "నేడు రొక్కం, రేపు అరువు" అన్న బోర్డులు మన కొట్లలో ఎప్పుడు వచ్చాయో గుర్తు తెచ్చుకోండి. బాగా నడిచిన కాలంలో ఆ బోర్డు లేదు. నడవడం మానేశాక వచ్చింది. ఇది నా ఊహే అనుకోండి, కానీ నేను కలిసిన పాత కొట్లవాళ్ళలో ఎవరూ దీన్ని కొట్టిపారేయలేదు.

ఆ కాలంలోనే సాషేలు వచ్చాయి. రూపాయి షాంపూ, చిన్న టీపొడి పొట్లం, అర్ధరూపాయి కాఫీ. పెద్దదాన్ని చిన్నదిగా చేసే పని కంపెనీ చేసేసుకుంది. సావుకారు సబ్బు తీగ ఏమైందో! దండలా వేలాడే సాషేలు చించి ఇవ్వడానికి అనుభవం అక్కర్లేదు. ఎవరైనా ఇవ్వచ్చు. ఎవరైనా పెట్టారు కూడా. వీధికొక బడ్డీ లేచింది. చూసేవాడికి కొట్లు పెరిగినట్టే ఉంది. అరువు మోసే కొట్టు మాత్రం తగ్గింది.

గని కూడా ఊరుకోలేదు. మన రాయిలో భాస్వరం ఎక్కువ, ఇనుము ఎక్కువ. మంచి రాయి పైన ఉన్నంతవరకు తాతలు తీసేశారు. గోతులు లోతయ్యాయి, నీళ్ళు తోడే ఖర్చు పెరిగింది. గర్భాం గని విశాఖ ఉక్కు చేతికి వెళ్ళింది, కొన్ని గోతులు మూతపడ్డాయి, ఉన్నవాటిలో పొక్లెయిన్లు దిగాయి. ఒక పొక్లెయిను రెండు వీధుల పని చేస్తుంది, కానీ బెల్లం కొనదు, పొగాకు అడగదు. (నవ్వులు) ఫెర్రో మాంగనీసు చేయాలంటే టన్నుకి దాదాపు 3 వేల యూనిట్ల కరెంటు కాలుతుంది. రేటు పెరిగినప్పుడల్లా ఆ పరిశ్రమలో కొలుములు ఆపుతారు, కాంట్రాక్టు కూలీని ముందు ఆపుతారు. ఇదివరకు గొయ్యిలో నీళ్ళు నిండినప్పుడు ఆదుకున్నట్టు ఇప్పుడు ఆదుకునే పద్దు ఎక్కడుంది?

కుర్రాళ్ళు పోయారు. తాపీ పనికి హైదరాబాదు, విజయవాడ, చెన్నై. ఇప్పుడు ఊళ్ళో ఉన్నది ముసలివాళ్ళు, పింఛను. 2006లో ఉపాధి హామీ మొదటి విడత జిల్లాల్లో మనది ఒకటి. ఆ కూలి పోస్టాఫీసులోకో బ్యాంకులోకో పడుతుంది. పింఛను ఒకటో తారీఖున. కొడుకు డబ్బు ఫోన్లో. డబ్బు వచ్చేది చీపురుపల్లిలో, గరివిడిలో, రాజాంలో. వచ్చిన చోటే ఖర్చవుతుంది. ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళిన మనిషి వట్టి చేతుల్తో రాదు కదా, అక్కడే నెల సామాను కట్టించుకుని వస్తుంది. ఇదివరకు బట్వాడా టేబులుకీ ఇంటికీ మధ్య కొట్టు ఉండేది. ఇప్పుడు ఏటీఎమ్ముకీ ఇంటికీ మధ్య పట్నమే ఉంది.

మధ్యలో రెండుసార్లు కొట్టు లేచి కూర్చున్నట్టు అనిపించింది. ఒకటి టెలిఫోను కాలం. రూపాయి కాయిన్ బాక్సు పెట్టుకున్న కొట్టు దగ్గర సాయంత్రం ఆడవాళ్ళు బారులు తీరేవారు, దూరాన ఉన్న మొగుడితో మాట్లాడటానికి. తర్వాత రీఛార్జి కార్డులు. ఇప్పుడు కొడుకు అక్కడినుంచే తల్లి ఫోనుకి రీఛార్జి చేసేస్తున్నాడు. రెండోది 2020 లాక్‌డౌన్. మార్చి నెలాఖరుకి బస్సు లేదు, రైలు లేదు, నడిచి వచ్చినవాళ్ళు నడిచి వచ్చారు. పట్నం వెళ్ళే దారి మూతపడింది. పొద్దున్న కొద్ది గంటలు తెరిచిన ఊరి కొట్టే గతి. పద్దు పుస్తకాలు మళ్ళీ బయటికి తీసినవాళ్ళున్నారు. ఒక కొట్టావిడ నాతో ఏమందంటే, "బాబూ, పాతికేళ్ళు అరువు ఇవ్వనని బోర్డు పెట్టేను. ఆ మూణ్ణెల్లూ బోర్డు తిప్పి పెట్టేను." మళ్ళీ బస్సులు తిరిగాక ఆ బాకీలు అందరూ తీర్చలేదు. తీర్చడానికి కొట్టుకి రావాలి, వస్తే బాకీ అడుగుతుంది, అందుకని రావడమే మానేశారు. వాళ్ళ పిల్లలు ఆన్‌లైన్లో తెప్పిస్తున్నారు. ఆవిడ కోపం బాకీ మీద కాదు, పలకరించకుండా కొట్టు ముందునుంచే బండి మీద పోతున్నారని.

ఇదంతా కొట్టు సంక్షోభం అనుకుంటాం గానీ, అసలు ప్రశ్న ఇంకోటుంది. మధ్య రోజులు పోయాయన్నాను. నిజంగా పోయాయా? కూలికీ ఖర్చుకీ మధ్య ఎడం ఇప్పటికీ ఉంది. జబ్బు చేస్తే ఉంది, పెళ్ళయితే ఉంది, కొలిమి ఆగితే ఉంది. ఆ ఎడం ఇప్పుడు ఎవరు పూడుస్తున్నారు? డ్వాక్రా సంఘం పూడుస్తోంది, అది మంచి మార్పే, తాకట్టు కడియాలు ఇంటికి వచ్చాయి. బంగారం మీద అప్పిచ్చే కంపెనీలు పూడుస్తున్నాయి. వారం వారం వసూలుకొచ్చే సూక్ష్మరుణాలవాళ్ళు పూడ్చారు, వాళ్ళ ఆగడాలు భరించలేక 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇప్పుడు ఫోన్లో యాప్ పూడుస్తోంది. సావుకారు మోసం చేసేవాడు, కానీ వానాకాలంలో గొయ్యి నిండిందని ఆయనకీ తెలుసు, ఎందుకంటే ఆయన కొట్టు కూడా ఆ వానలోనే తడిసేది. యాప్‌కి మన గోతుల్లో నీళ్ళున్నాయో లేదో తెలియదు, తారీఖు ఒక్కటే తెలుసు. పాత కొట్టుని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. కొలతల మోసం సంగతి చెప్పాను కదా. కాకపోతే అప్పిచ్చేవాడు అప్పు తీసుకునేవాడి గోడు చూసేంత దూరంలో ఉండటం ఎలా అన్నది సంఘాలు నడిపే అక్కచెల్లెళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీరు ఆలోచించాలి. పని లేని నెలల్లో వాయిదా వెనక్కి జరిపే వీలు మీ సంఘం తీర్మానంలో ఉందా? లేకపోతే రాయండి.

ఇప్పుడున్న కొట్లలో నాకు కాస్త నిలబడతాయనిపించేవి ఆడవాళ్ళు నడిపేవి. ఇంటి ముందు గదే కొట్టు, సంఘం అప్పుతో ఒక ఫ్రిజ్జు. పాలు, పెరుగు, గుడ్లు, పొద్దున్న నాలుగు ఇడ్లీలు. రోజూ కావలసినవి, పట్నంనుంచి నెలకోసారి తెచ్చుకోలేనివి. ముసలివాళ్ళకి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా అక్కడే అడుగుతారు. వాటిలో చిన్న నోటు పుస్తకం ఒకటి నేను చూశాను. పింఛను వచ్చేదాకా పాలు, గుడ్లు. ఒకటో తారీఖున జమ. 2021లో రేషను బండి ఇంటి ముందుకి వచ్చేది, 2025 జూన్ నుంచి మళ్ళీ డిపోకి వెళ్ళి తెచ్చుకుంటున్నాం. ఆ డిపో దారిలో ఉన్న కొట్టుకి నాలుగు రోజులు గిరాకీ పెరిగిందని విన్నాను. అంతే, కొట్టు మన కాళ్ళు నడిచే దారిలో ఉంటే బతుకుతుంది.

ముగించే ముందు ఒక విన్నపం. పాత పద్దు పుస్తకాలు ఇళ్ళలో అటక మీద ఉంటాయి. చాలా పుస్తకాలు పకోడీ పొట్లాలకి, ఇల్లు పడగొట్టినప్పుడు మంటకి పోయాయి. గని కంపెనీల కాగితాలు ఎక్కడో ఓచోట భద్రంగానే ఉంటాయి. టన్నులు ఎవరో లెక్కపెడతారు. కూలి ఇంట్లో ఏ రోజు బెల్లం ఆగిపోయిందో రాసిన కాగితం మాత్రం ఈ పద్దు ఒక్కటే. మీ తాతగారి పుస్తకం ఉంటే ఈ గ్రంథాలయానికి తెచ్చివ్వండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఫోనుతో ఫొటోలు తీసుకోనివ్వండి. బాకీదార్ల పేర్లు బయటపెట్టం, ఆ పూచీ నాది. వడ్డీ కూడా అడగం. (నవ్వులు)

వెనక బెంచీలవాళ్ళు ఇప్పుడు మాట్లాడాలి. బట్వాడా మీ గనిలో శనివారమా, సంత రోజా? మైకు అటు పంపండి.